మత్తుమందు శాంపిల్ పరీక్షించే సేవ మన దగ్గర ఎలా పెట్టాలండీ?

నమస్కారమండీ. మాది అమలాపురం. ఇంజెక్షన్లతో మత్తు తీసుకునేవాళ్లకి కొత్త సూదులిచ్చి, బూప్రెనార్ఫిన్ (మత్తుమందు మానడానికి దాని బదులు ఇచ్చే మందు) చికిత్సకి పంపే పని నాది. పొట్లంలో అసలేం కలిపారో వాళ్లకీ తెలీదు, మాకూ తెలీదు.

నెదర్లాండ్స్‌లో 1992 నుంచే శాంపిల్ తీసుకుని, ఏముందో చెప్పి పంపుతున్నారు. ఇక్కడ ఎన్‌డీపీఎస్ చట్టం (1985 నాటి మత్తుమందుల నియంత్రణ చట్టం) ఉంది కదా, చిటికెడు దగ్గరుంచుకున్నా నేరమే. అందుకే శాంపిల్ మేం ముట్టుకోకుండా, ఆ మనిషే నీళ్లలో కలిపి ఫెంటనిల్ స్ట్రిప్ (కొంచెంతోనే ప్రాణం తీసే ఫెంటనిల్ అనే మత్తుమందు కలిసిందేమో చూపే కాగితం పట్టీ) ముంచుకుంటే, ఫలితం చదివి చెప్పడం వరకే మా పనైతే ఎలా ఉంటుంది? చట్టం తెలిసిన లాయర్లెవరైనా చెప్పండి.

స్ట్రిప్‌తోనూ చిక్కుంది. ప్రెగ్నెన్సీ కిట్‌కి రివర్సుగా, దీనిలో ఒక గీతే వస్తే ఫెంటనిల్ ఉన్నట్టు, రెండొస్తే కనపడనట్టు. మనవాళ్లు రెండు గీతలు చూసి హడలిపోతారు, ఒకటి చూసి ధీమాగా వెళ్తారు, ఇది చాలా ప్రమాదం. బొమ్మలతో తెలుగు కార్డు వేద్దామనుకుంటున్నాను. పైగా ఉందా లేదా అనే తప్ప ఎంతుందో చెప్పదు. ఎఫ్‌టీఐఆర్ మిషను (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ఏ పదార్థమో గుర్తించేది) చాలా రకాలు పట్టుకుంటుంది గానీ, సుమారు 5 శాతం లోపు ఉన్నవి తప్పిపోతాయి, ఖరీదు సంగతి సరేసరి.

"ఏమీ కనపడలేదు" అంటే "మంచిదే" అని వినేవాళ్లకి ఎలా చెప్పాలి? ఒంటరిగా వాడొద్దని, ఊపిరి మందగిస్తే 108కి చెయ్యమని మేం చెబుతూనే ఉన్నాం. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లు మాటల నమూనా ఏదైనా ఇస్తారా?