తీపీ ఉప్పూ కలిసిన పండ్ల స్టార్టర్ నీళ్లు ఊరకుండా ఎలా చేయాలి?

ప్రశ్న:

ఆదివారం సాయంత్రం మా ఇంటికి పాతికమంది వస్తున్నారు. వంట వేరేవాళ్లు చూసుకుంటున్నారు, రాగానే చేతికిచ్చే స్టార్టర్ మాత్రం నా వంతు. పొయ్యి వెలిగించకుండా పండ్లతోనే, కాస్త తీపీ కాస్త ఉప్పూ తగిలేలా చేయాలని ఉంది. పోయినసారి పుచ్చకాయ, ద్రాక్ష, పైనాపిల్ ముక్కలకి ఉప్పు, మిరియాల పొడి కలిపి మూతపెట్టాను. అందరూ చేరేసరికి గంట పట్టింది. మూత తీస్తే గిన్నెలో సగం నీళ్లే! ఉప్పంతా ఆ నీళ్లలోకి దిగిపోయింది, ముక్కలు మెత్తబడి చప్పగా అయ్యాయి. ఎక్కడ తప్పు చేశాను? ఈసారి టెన్షన్ లేకుండా అయ్యేది ఏదైనా చెప్పండి.

జవాబు 1:

మీరు ఉప్పు ముందే వేసేశారండీ, అంతే. పుచ్చకాయలో నూటికి 92 వంతులు నీళ్లే. కోసిన ముక్క మీద ఉప్పు పడిందంటే లోపలి నీటిని బయటికి లాగడం మొదలుపెడుతుంది. అందుకే నేను పండుకి ఉప్పు తగలనివ్వను, ఉప్పగా ఉండే ఇంకో పదార్థాన్ని దానికి జతచేస్తాను. రెండూ నోట్లోకి వెళ్లాకే కలవాలి.

ఇంటికి ఎంతమంది వచ్చినా నేను చేసేది పుచ్చకాయ, పుదీనా, ఫెటా చీజ్. ఫెటాని ఉప్పునీళ్లలోనే ఊరబెడతారు కాబట్టి వేరే ఉప్పు అక్కర్లేదు. పుచ్చకాయని రెండున్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, చిల్లుల గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో ఓ అరగంట ఉంచండి. కోసినప్పుడు ఊరిన రసం కిందికి కారిపోతుంది. తర్వాత టిష్యూ మీద పరిచి పైపైన అద్దండి. ఈ అద్దడం మానొద్దు, తడి ముక్క మీద చీజ్ నిలవదు, జారిపోతుంది.

ఫెటా పొడిగా కాకుండా గడ్డగా ఉన్నది తీసుకుని, చల్లగా ఉన్నప్పుడే ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు కోయండి. దాన్ని చేత్తో పట్టుకుని పుల్ల గుచ్చితే రెండుగా విరిగిపోతుంది. నేను ప్లేటులో ముందు పుచ్చకాయ ముక్క, దాని మీద పుదీనా ఆకు, ఆపైన చీజ్ పేర్చుకుని, పైనుంచి టూత్‌పిక్‌ని నిటారుగా దింపుతాను. కింద ఆనుకోవడానికి పండు ఉంటుంది కాబట్టి చీజ్ పగలదు. పుల్ల పట్టుకుని తీసుకోవడానికీ వీలుగా ఉంటుంది.

మనిషికి మూడు చొప్పున లెక్కేసుకుని ఓ ఎనభై చేయండి. మూడు కిలోల పుచ్చకాయ, విరిగిపోయేవి కూడా కలుపుకుని 400 గ్రాముల ఫెటా సరిపోతాయి. మిరియాల పొడి, రెండు చుక్కల నిమ్మరసం మాత్రం ప్లేటు బయటికి తెచ్చే నిమిషంలోనే. తేనె ఇష్టమైతే సన్నటి ధారగా చీజ్ మీద వేయండి, కానీ ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు.

ఇంకొక్క మాట. ఎనభై ఒకేసారి బయట పెట్టకండి. కోసిన పండ్లు, చీజ్ మామూలు వేడిలో రెండు గంటలకి మించి బయట ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. నేను సగం ఫ్రిజ్‌లో ఉంచి, మొదటి ప్లేటు ఖాళీ అయ్యాకే రెండోది తీస్తాను. చల్లగా ఉంటేనే దాని రుచి.

జవాబు 2:

పైన చెప్పినది బాగుంది. పుచ్చకాయ బదులు పైనాపిల్ పెడదామనుకుంటే మాత్రం జాగ్రత్త. నేను ఒకసారి తాజా పైనాపిల్‌కి చీజ్ గుచ్చి ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున రుచి చూస్తే చీజ్ చేదెక్కింది, పండుని ఆనుకున్న వైపు జిగురుగా అయింది. మొత్తం పారేయాల్సి వచ్చింది, చాలా బాధేసింది. తాజా పైనాపిల్‌లో బ్రోమలిన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాల ప్రొటీన్లను అది విరగ్గొడుతుంది. కివీతో కూడా ఇదే ఇబ్బంది. డబ్బాలో వచ్చే పైనాపిల్‌ని వేడి చేసి నింపుతారు కాబట్టి ఆ ఎంజైమ్ పనిచేయదు. తాజాదే కావాలంటే వడ్డించే ముందు గుచ్చండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. వచ్చేవాళ్లలో ఒకరు పాల పదార్థాలు ముట్టుకోరు. వాళ్లకి ఏం పెట్టాలి?

జవాబు 1:

చీజ్ చోట గింజ తీసిన పచ్చ ఆలివ్ పెట్టండి. అదీ ఉప్పునీళ్లలో ఊరిందే, తడి అద్దితే చాలు. ఆ పుల్లలకి వేరే ప్లేటు, వేరే చాకు పెట్టుకోండి. వాటిని చీజ్ ముట్టిన చేత్తో గుచ్చకుండా ముందే చేసి పక్కన పెట్టేయండి.

ప్రశ్న అడిగినవారు:

ఇప్పుడే ఆరు చేసి చూశాను, నాలుగు చీజ్‌తో, రెండు ఆలివ్‌తో. మీరు చెప్పినట్టు పైనుంచి గుచ్చితే ఒక్క చీజ్ ముక్కా విరగలేదు. పుదీనా ఆకు పెద్దదైతే పక్కలకి వేలాడుతోంది, సగానికి మడిచి పెట్టాను. నలభై నిమిషాల తర్వాత చూస్తే ప్లేటులో చుక్క నీరు లేదు. ఆలివ్‌వి రెండూ మా అబ్బాయి తినేసి ఇంకా కావాలంటున్నాడు, కాబట్టి ఆదివారం అవి ఓ ఇరవై చేస్తున్నాను.