సోషల్ మీడియాతో ప్రభుత్వాలు మారతాయా, నిలబడతాయా?

గాజువాక_గురూ:
నేపాల్ చూశారు కదా. 2025 సెప్టెంబర్ 4న ఫేస్‌బుక్, యూట్యూబ్‌తో కలిపి 26 యాప్‌లు ఆపేశారు, 8న కుర్రాళ్ళు రోడ్డెక్కారు, 9కల్లా ప్రధాని ఓలీ రాజీనామా. తర్వాత డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో పోల్ పెట్టి మరీ తాత్కాలిక ప్రధానిగా మాజీ చీఫ్ జస్టిస్ సుశీలా కార్కీ పేరు తెచ్చారు. ఇంకా ఫోన్ పట్టుకుని ఏం పీకుతారు అంటే ఎలా?

బీచ్‌రోడ్_బాబాయ్:
ఏటి గురూ ఆ స్పీడు. ఓలీ దిగింది పోల్ చూసా, 8న కాల్పుల్లో కనీసం 19 మంది పోయారు, దాంతో దేశం మండిపోయింది. ఈజిప్ట్‌నే తీసుకో, ఖాలిద్ సయీద్ అనే కుర్రాణ్ణి పోలీసులు కొట్టి చంపితే వాయిల్ ఘోనిమ్ వాళ్ళు నడిపిన ఫేస్‌బుక్ పేజీ 2011 జనవరి 25న జనాన్ని రప్పించింది, ఒప్పుకుంటా, కానీ 28న అధ్యక్షుడు ముబారక్ నెట్ మొత్తం కట్ చేస్తే ఆ రోజే జనం ఇంకా ఎక్కువ వచ్చారు కదా. ఫిబ్రవరి 11న దిగిపోయాడు, సరే, తర్వాత ఎలక్షన్ గెలిచింది పేజీ కుర్రాళ్ళా? ఊరూరా మనుషులున్న ముస్లిం బ్రదర్‌హుడ్ అనే మత సంస్థ. వాళ్ళని 2013లో సైన్యం తోసేసింది.

ఉక్కునగరం_అమ్మాయి:
25న పిలుపే లేకపోతే 28 ఎక్కణ్ణుంచి వస్తుందండీ బాబాయ్ గారూ?

గాజువాక_గురూ:
అద్గదీ 👏

బీచ్‌రోడ్_బాబాయ్:
పిలుపు వేరు అమ్మా, నిలవడం వేరు. 2017 జనవరిలో చెన్నై మెరీనాలో జల్లికట్టు జనాన్ని చూసి మనోళ్ళు 26న ప్రత్యేక హోదా కోసం విశాఖ ఆర్కే బీచ్‌కి రమ్మని మెసేజ్‌లు తిప్పారు. ఆ మెసేజ్ పోలీసులూ చదువుతారు కదా, బీచ్ నిండా వాళ్ళే. అదే 2021లో కేంద్రం విశాఖ స్టీల్‌ప్లాంట్ అమ్మేస్తామన్నప్పుడు కూర్మన్నపాలెంలో వేసిన టెంట్ ఏళ్ళ తరబడి ఉంది, ఎందుకు, జెండాలు వేరైనా యూనియన్లన్నీ ఒక కమిటీ కట్టి వంతులేసుకుని రిలే దీక్షలకి కూర్చున్నాయి గనక.

ఉక్కునగరం_అమ్మాయి:
టెంట్ అంటే మాకూ గౌరవమే. కానీ అక్కడ మైక్ ఎవరి చేతికి వస్తుందో మీకు తెలీదా, ముందు నాయకులు, తర్వాత వాళ్ళ పక్కనోళ్ళు, చివరికి టైమైపోయింది అంటారు. ఫోన్‌లో మాట్లాడ్డానికి ఎవర్నీ అడగక్కర్లేదు. 2012లో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే పోయినప్పుడు ముంబై బంద్ ఎందుకని పాల్ఘర్‌లో ఒకమ్మాయి పోస్ట్ పెడితే, లైక్ కొట్టినమ్మాయిని కూడా కలిపి అరెస్ట్ చేశారు, ఆ గొడవతోనే కేసు సుప్రీంకోర్టుకెళ్ళి 2015లో ఆన్‌లైన్ పోస్టులకి అరెస్ట్ చేయించే ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కొట్టేశారు. ఏ యూనియన్ అడిగింది దానికోసం?

మద్దిలపాలెం_మాస్టర్:
మయన్మార్ ఊసే లేదేంటి? అక్కడి రోహింగ్యా ముస్లింల మీద విషం పాకింది ఫేస్‌బుక్‌లోనే, ఆపడానికి చేయాల్సినంత చేయలేదని 2018లో కంపెనీయే ఒప్పుకుంది. గొంతు అందరికీ ఇస్తే ఆ విషం కక్కేవాళ్ళకీ ఇచ్చినట్టే.

గాజువాక_గురూ:
మాస్టారు వేరే టాపిక్ ఎత్తారు 😀 బాబాయ్, ఆ టెంట్ సంగతి నాకు తెలిసిందే ఫేస్‌బుక్ లైవ్‌లో.

బీచ్‌రోడ్_బాబాయ్:
చూసి వచ్చావా మరి?