39 ఏళ్లకు మళ్లీ దారి మార్చడం తెలివైన పనేనా?

నమస్తే అండి. డిగ్రీ కాగానే అకౌంట్స్‌లో చేరాను, మూడేళ్లకు విసుగొచ్చి సేల్స్‌కి వెళ్లాను, అక్కడ టార్గెట్ల టెన్షన్ తట్టుకోలేక కాల్ సెంటర్, మధ్యలో రెండేళ్లు పెద్దవాళ్లకు కంప్యూటర్ నేర్పించే పని, అది మూతపడ్డాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏడేళ్లుగా ఇక్కడే. జీతం బాగానే ఉంది. కానీ ఆదివారం సాయంత్రమయ్యేసరికి గుండెల్లో రాయి పడ్డట్టు ఉంటుంది.

నిజంగా తృప్తినిచ్చినవి ఆ రెండేళ్లే. ఒక పెద్దావిడ మౌస్ పట్టుకుంటే చెయ్యి వణికేది, బాణం గుర్తు ఎక్కడికో పోయేది, "నావల్ల కాదు బాబూ" అనేవారు. మూడు వారాలకు మనవరాలికి సొంతంగా మెయిల్ పంపి, జవాబు రాగానే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏ ఇంక్రిమెంట్‌కీ నాకు అంత సంతోషం కలగలేదు.

అందుకే మళ్లీ ఆ పనిలోకే వెళ్లాలనుంది. ఉన్నపళంగా రాజీనామా చేయను, ముందు శని ఆదివారాలు నేర్పి చూస్తాను. ఆరు నెలల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టాను, ఇంటి లోన్ మాత్రం ఇంకా ఉంది. ఇలా మారినవాళ్లు దయచేసి చెప్పండి, వారానికి రెండు రోజులు చేస్తే అసలు పని ఎలా ఉంటుందో తెలుస్తుందా, లేక ఇష్టమైన పని కూడా రోజూ చేస్తే ఇలాగే బరువైపోతుందా? ఇన్ని ఉద్యోగాలున్న రెజ్యూమెని తేదీల వరుసలో రాయాలా, నాకు చేతనైన పనుల వారీగా రాయాలా? ఇంటర్వ్యూలో "ఎందుకిన్ని మారారు" అంటే తడబడిపోతున్నాను. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు, మీరైతే ఏం చెబుతారు?