రోజూ బైబిల్‌కు టైమిచ్చే వాళ్లకు నిజంగా ఏం మిగిలింది?

మామిడికాయ, చిత్తూరు:
అందరికీ వందనాలు. మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పని నాది. ప్రతి జనవరి ఒకటిన ఆదికాండం మొదలుపెడతా. రోజుకు మూడు అధ్యాయాలు. నిర్గమకాండం దాకా బండి బాగానే పోతాది. ఫిబ్రవరిలో లేవీయకాండం రాగానే ఆగిపోతాది. ఇది నాలుగో ఏడు. సీజన్లో నిద్రే కరువు, ఆ నిద్ర కూడా చంపుకొని కూర్చుంటే మీకేమన్నా దొరికిందా? "దీవెన వస్తుంది బ్రదర్" అనొద్దు, జరిగింది చెప్పండి.

పాకాల ప్యాసింజర్:
మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతాది. తిరుపతి-కాట్పాడి రైల్లో పాకాల ఎక్కి చిత్తూరులో దిగేలోపు చదువుతా, అట్ల రెండుసార్లు ముగించినా. చార్టులో టిక్కులు తప్ప ఏమీ గుర్తులేదు!

మూడో ఏడు చార్టు చించేసి బైబిల్లో రూతు గ్రంథం ఒక్కటే పట్టుకున్నా. నాలుగు అధ్యాయాలు, నెలరోజులు. రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకుంటాది గదా, ఆసామి జాలిపడి రానిచ్చినాడు అనుకుంటా ఉన్నా ఇన్నాళ్లూ. లేవీయకాండం 19కి పోయి చూస్తే (నువ్వు బండి ఆపిన కాడే తమ్ముడూ), పొలం ఓరల దాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదోళ్లకు, పరదేశులకు వదిలెయ్యండి అని రాసుండాది. రూతు మోయాబు మనిషి, పరదేశి. అంటే ఏరుకోవడం ఆమె హక్కు. బోయజు దయ వేరే చోట ఉంది: పనల్లోంచి కొన్ని కావాలనే లాగి పడెయ్యండని పనోళ్లకు చెప్తాడు చూడు, అక్కడ.

మా అవ్వ చెనక్కాయలు పెరికేసిన చేలల్లో పరిగె ఏరేది. ఆసామి అదిలిస్తే సంచి చంకన పెట్టుకొని పక్క చేనికి పోయేది. అవ్వను తలుచుకుంటా కూర్చుంటే ఆ పొద్దు చిత్తూరు స్టేషన్ దాటిపోయింది కూడా తెలియలే. కాట్పాడిలో దిగి వెనక్కొచ్చినా, సగం రోజు జీతం పాయె.

నైట్‌డ్యూటీ అక్క:
లేవీయకాండం అంత విసుగా? 13వ అధ్యాయం చూడు. యాజకుడు ఒంటి మీద మచ్చ చూడటం, ఏడు రోజులు విడిగా ఉంచడం, మళ్లీ చూడటం. కోవిడ్ వార్డులో చేసిన నాకు మా రిజిస్టర్ చదివినట్టే ఉంది. గంటలు గంటలు నా వల్ల కాదు. తెల్లవారుజామున మూడింటికి వార్డు సద్దుమణిగాక పదిహేను నిమిషాలు, అంతే. 119వ కీర్తన 176 వచనాలు, రోజుకు ఎనిమిది చొప్పున 22 రోజులు చదివా. పైన ఆలెఫ్, బేత్ అని ఉంటే ఎవరి పేర్లో అనుకునేదాన్ని. హెబ్రీ అక్షరాలట, అక్షరానికి ఎనిమిది వచనాలు.

మార్తమ్మ, తిరుపతి:
మా ఆయన తెల్లారి ఐదు నుంచి ఏడు దాకా వాక్యధ్యానం. క్యారియర్లు, నీళ్లు, పిల్లల స్కూలు బ్యాగులు నావి. లూకా 10లో అక్క మార్త పనులతో సతమతమవుతుంటే, మరియ యేసు పాదాల దగ్గర కూర్చొని వింటుంది గదా, ఆ మరియే ఉత్తమమైనది ఏర్పరచుకొంది అని నాకే వినిపిస్తాడు. ఆ ఇంట్లో వంట ఎవరు చేశారని అడిగా. జవాబు లేదు. ఇప్పుడు ఫోన్లో ఆడియో బైబిల్ పెట్టుకొని గిన్నెలు తోముతున్నాడు. అదీ ధ్యానమే నా లెక్కలో.

పుంగనూరు పెద్దాయన:
ఒక కొత్త సంవత్సరపు ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు (ఆ ఏటికి దేవుని మాట అని ఒక వచనం రాసి ఇచ్చేది) యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములే" అని ఉంది. ఆ ఏడే మా వాడికి ఉద్యోగం ఖాయమని ఊరంతా చెప్పుకున్నాను. రాలేదు. దేవుని మీద అలిగాను కూడా. తరువాత ఆ అధ్యాయం మొదటి నుంచి చదివితే, అది బబులోనుకు చెరపట్టబడిన వారికి యిర్మీయా రాసిన ఉత్తరం. పై వచనంలోనే డెబ్బై ఏండ్లు అని ఉంది! అందాకా ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటాడు. కార్డు మీద అంత చోటుండదు కదా నాయనా.

మామిడికాయ:
షిఫ్టు మధ్యలో లేవీయకాండం 19 చదివినా. పరిగె సంగతి 9, 10లో ఉంది. ఇంకాస్త కిందికి పోతే 13: "కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు." మాకు రెండు వారాల కూలి బాకీ ఉండాది. మేస్త్రీ కూడా మన చర్చి మనిషే. ఈ వచనం ఆయనకు వాట్సాప్‌లో పెట్టనా?

పాకాల ప్యాసింజర్:
పెట్టు తమ్ముడూ. వచనం నంబరు కూడా రాయి.