ఇరాక్ చమురు దొంగతనం: షియా-సున్నీ గొడవా, ఉత్త వ్యాపారమా?

జగిత్యాల_రాజు:
ఇరాక్‌లో 2003 యుద్ధం తర్వాత సాగిన చమురు దొంగతనం మీద నిన్న ఇంకో చర్చలో ఒకాయన "షియాలు, సున్నీలు కొట్టుకుంటుంటే మధ్యలో చమురు పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను 2012లో దక్షిణ ఇరాక్‌లోని చమురు ఊరు బస్రాలో పనిచేశాను. అక్కడ ఎక్కువమంది షియాలే. మరి 2007లో ఆ ఊళ్ళో చమురు కోసం కొట్టుకున్నదెవరు? గవర్నరు పదవి చేతిలో ఉన్న ఫజీలా పార్టీ, మతనాయకుడు సద్ర్ గారి మహ్దీ సైన్యం, బద్ర్ అనే సాయుధ దళం వాళ్ళు. ముగ్గురూ షియాలే. 2008 మార్చిలో మహ్దీ సైన్యం మీదికి ప్రభుత్వ సైన్యాన్ని పంపిన ప్రధాని మాలికీ కూడా షియానే. ఇందులో మతం ఎక్కడుందో చెప్పండి.

పద్మజ_విజయవాడ:
బస్రా సంగతి నిజమే రాజు గారూ, కానీ అంతకు ముందుకి వెళ్ళండి. 2003 జులైలో అమెరికా వేసిన పాలక మండలిలో 25 మంది: 13 మంది షియాలు, 5గురు సున్నీలు, 5గురు కుర్దులు (ఉత్తరాన ఉండే వేరే జాతివాళ్ళు), ఒక తుర్క్‌మెన్, ఒక అస్సీరియన్ క్రైస్తవుడు. తలలు లెక్కపెట్టి కుర్చీలు పంచారు. దాన్నే అక్కడివాళ్ళు ముహాససా అంటారు. ఆ తర్వాత ఏ శాఖ ఏ పార్టీకి దక్కితే ఉద్యోగాలు, కాంట్రాక్టులు వాళ్ళవే. బస్రాలో షియాలు షియాలతో కొట్టుకున్నది ఆ వాటాలో ఎవరి ముక్క ఎంత అనే.

లెక్కల_మాస్టారు:
ముందు మీటర్ల సంగతి చూడండి. బస్రా దగ్గర ఓడల్లోకి ఎక్కే చమురు కొలిచే మీటర్లు ఏళ్ళ తరబడి పనిచేయలేదు. 2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ రోజుకు 1 లక్ష నుంచి 3 లక్షల పీపాలకు లెక్క తేలడం లేదంది. కొలతే లేనిచోట దొంగ ఎవరో ఎలా తేలుస్తారు?

జగిత్యాల_రాజు:
మాస్టారూ, మీటరు ఓడకు. లారీకి మీటరేది? 2005 దాకా అక్కడ పెట్రోలు లీటరు 20 దినార్లు, అంటే సెంటున్నర కూడా కాదు. సరిహద్దు దాటిస్తే ఎన్నో రెట్లు. నా కాలంలో కూడా ట్యాంకరు డ్రైవర్లు సిగరెట్ పెట్టెలో నోట్లు మడిచి పెట్టుకునేవాళ్ళు, చెక్‌పోస్టులో ఆ పెట్టె అందిస్తే ఒకటి తీసుకుని పెట్టె వెనక్కి ఇచ్చేవాళ్ళు. నీ వర్గమేంటని అడిగినవాణ్ణి నేను చూడలేదు. 2014లో ఉత్తరాన మోసుల్ నగరాన్ని పట్టుకున్న సున్నీ తీవ్రవాద సంస్థ ఐసిస్ అమ్మిన చమురు దళారుల చేతుల మీదుగా కుర్దులకూ, సిరియాలో అసద్ ప్రభుత్వానికీ చేరిందని అమెరికా ఖజానా శాఖే చెప్పింది. గొంతులు కోసుకునేవాళ్ళు సరుకు మాత్రం కొనుక్కున్నారు.

గోదారి_కుర్రాడు:
రాజు గారి ఈ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు.

లెక్కల_మాస్టారు:
మీటర్లు ఎందుకు బాగుచేయించలేదో ఎవరూ చెప్పరేం?

జగిత్యాల_రాజు:
మా కాంట్రాక్టరు బస్రా షియా, పార్టనరు మోసుల్ సున్నీ. ఇద్దరూ ఒకే గ్లాసులతో చాయ్ తాగుతూ మాకు ఏడు నెలల జీతం ఎగ్గొట్టారు. ఇది సాక్ష్యం కాదా?

పద్మజ_విజయవాడ:
మీ జీతం పోవడం అన్యాయమే. కానీ ఒక కంపెనీ మోసంతో దేశ రాజకీయం తేల్చేస్తారా?

జగిత్యాల_రాజు:
ఇక్కడ కూర్చుని చదివినవాళ్ళకు అది ఒక కంపెనీ మోసంలాగే కనిపిస్తుంది. ఏజెంటుకు లక్షన్నర కట్టి వెళ్ళినవాడిని నేను. ఇంటికొచ్చి జీతం రాలేదంటే మా అమ్మ కూడా "వాళ్ళల్లో వాళ్ళే చంపుకుంటుంటే నీకెవడిస్తడు బిడ్డా" అన్నది. అదీ నా బాధ అక్కా. మత గొడవ అనగానే ఎవరూ దొంగ కాకుండా పోతారు, వానకో గాలికో పోయినట్టు అవుతుంది.

పద్మజ_విజయవాడ:
చదివినవాళ్ళు అని తీసిపారేయకండి. నేను ఒక్కసారైనా అక్కడి జనం అలాంటివాళ్ళని అన్నానా? మీకున్న భయమే నాకూ ఉంది, అటు వైపు నుంచి. ఉత్త దొంగతనం అని వదిలేస్తే ఆ పంపకం రాసినవాళ్ళు, దాన్ని ఇరవై ఏళ్ళుగా నడిపిస్తున్నవాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు. 2019 అక్టోబరులో బాగ్దాద్, బస్రా, నాసిరియాలో కుర్రాళ్ళు రోడ్డెక్కింది ఆ ముహాససా పోవాలనే. చనిపోయినవాళ్ళు వందల్లో ఉన్నారు, వాళ్ళలో చాలామంది షియా పిల్లలే.

జగిత్యాల_రాజు:
ఆ పిల్లలంటే నాకూ గౌరవమే. కానీ పద్ధతిని ఏ ఆఫీసుకెళ్ళి అడగాలి? నా జీతం కాగితం మీద సంతకం పెట్టకుండా ఆపినవాడికి పేరుంది, ముఖముంది.

పద్మజ_విజయవాడ:
అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిందెవరు అన్నదే నా ప్రశ్న. కాగితాలేమైనా ఉన్నాయా మీ దగ్గర?

జగిత్యాల_రాజు:
పాస్‌పోర్టులో ముద్ర ఉంది. అంతే అక్కా.