శాంతియుత సహజీవనం: వర్గపోరాటానికి 'ఏ' రూపం?

తాటాకు: సోషలిస్టు, పెట్టుబడిదారీ దేశాలు యుద్ధం లేకుండా పక్కపక్కన మనగలవన్న సోవియట్ విధానం గురించి, మాస్కో ప్రగతి ప్రచురణాలయం వారి తెలుగులో కనిపించే వాక్యం ఒకటి సగమే గుర్తుంది. "శాంతియుత సహజీవనం వర్గపోరాటానికి ఒక ____ రూపం." ఖాళీలో ఉన్నది 'ప్రత్యేక'నా, 'విశిష్ట'నా? ఎవరికైనా నోటికి ఉందా?

అచ్చుతప్పు: మూలం 1961 అక్టోబరులో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ 22వ మహాసభ ఆమోదించిన పార్టీ కార్యక్రమం. రష్యన్‌లో 'స్పెత్సిఫీచెస్కయ' రూపం. 'విశిష్ట' అంటే మనకి గొప్పదన్న అర్థం తగులుతుంది, విశిష్ట అతిథి లాగా. 'ప్రత్యేక' అయి ఉండాలి.

అరసున్న: విశిష్టాద్వైతంలో 'విశిష్ట' గొప్పదా అండీ? విశేషంతో కూడినది అనే కదా. నా ఓటు 'విశిష్ట'కే.

గోదారిగట్టు: విశేషణం సంగతి తర్వాత. 'సహజీవనం' దగ్గరే నాకు పంటి కింద రాయి. సోవియట్ నేత క్రుశ్చేవ్ 1956 ఫిబ్రవరిలో 20వ మహాసభలో వాడిన మాట 'ససుషెస్త్వవానియె'. మొదటి 'స' మన 'సహ' అనుకోండి. తర్వాతి ధాతువు 'ఉండు' అనేది, సంస్కృతం 'సంతి'కి చుట్టం. హిందీవాళ్ళు లెక్కగా 'సహ-అస్తిత్వ' అన్నారు. మనవాళ్ళు 'జీవనం' ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారు? పక్కపక్కన ఉండటం వేరు, కలిసి బతకడం వేరు. 1961 ఆగస్టు 13న తూర్పు జర్మనీ బెర్లిన్ మధ్య ముళ్ళకంచె వేస్తే దన్నుగా నిలిచి, రెండు నెలలకి అదే సోవియట్ పార్టీ ఈ కార్యక్రమం ఆమోదించింది. దాన్ని కలిసి బతకడం అందామా?

అచ్చుతప్పు: ఎక్కణ్ణుంచో కాదు గోదారిగట్టు గారూ, లెనిన్ దగ్గర్నుంచే. 1920 ఫిబ్రవరిలో అమెరికన్ విలేఖరికి ఇచ్చిన జవాబులో ఆయన మాట 'మీర్నొయె సజీతెల్‌స్త్వొ'. 'మీర్నొయె' అంటే శాంతియుత. రెండో మాటలోని 'జీ' మన 'జీవ'కి తోబుట్టువు. అంటే అచ్చంగా సహజీవనమే. 1927 డిసెంబరులో 15వ మహాసభలో స్టాలిన్ ఈ మాటనే ఎత్తి, ఆ దశ గతంలోకి పోతోంది, సామ్రాజ్యవాదుల దాడుల దశ వస్తోంది అన్నాడు. క్రుశ్చేవ్ వచ్చేసరికి 'అస్తిత్వం' ఖాయమైంది. మనవాళ్ళు క్రుశ్చేవ్‌ని అనువదించబోయి లెనిన్ మాట రాశారన్నమాట! ఇంకో తమాషా, ఈనాటి రష్యన్‌లో 'సజీతెల్‌స్త్వొ' అంటే పెళ్ళి కాకుండా ఒకే ఇంట్లో ఉండటం. మన పేపర్ల 'సహజీవనం' కూడా అక్కడికే చేరింది.

ఒత్తక్షరం: అంత దూరం ఎందుకు? 1954 ఏప్రిల్ 29 నాటి భారత-చైనా ఒప్పందంలో పంచశీలలో అయిదోది ఇదే. సోవియట్ ప్రధాని బుల్గానిన్, క్రుశ్చేవ్ 1955 చివర్లో మన దేశం వచ్చేనాటికే మాట పత్రికల్లో నలిగి ఉంటుందని నా ఊహ.

గోదారిగట్టు: పంచశీల హిందీకీ అదే కదా? వాళ్ళకి 'అస్తిత్వ' ఎలా దొరికింది మరి?

అరసున్న: స్టాలిన్ తర్వాత సోవియట్ ప్రధాని అయిన మాలెంకోవ్‌ని అందరూ మర్చిపోయారు. 1954 మార్చి 12న ఆయన, మరో ప్రపంచయుద్ధం వస్తే ప్రపంచ నాగరికతే నాశనమన్నాడు. అప్పటి సూత్రం ప్రకారం నాశనం కావలసింది పెట్టుబడిదారీ విధానం ఒక్కటే. ఏప్రిల్‌కల్లా మాట దిద్దుకోవలసి వచ్చింది. 1955 ఫిబ్రవరిలో పదవి పోయినప్పుడు ఆరోపణల్లో ఇదీ ఒకటి. దాన్ని తప్పుపట్టిన క్రుశ్చేవే ఏడాది తిరిగేసరికి యుద్ధాలు అనివార్యం కాదన్నాడు. వాక్యంలో కర్త మారితే విదేశాంగ విధానం మారినట్టే.

తాటాకు: అందుకే ఆ విశేషణం కావాలన్నాను. సహజీవనమంటే వర్గపోరాటం మానేయడమని చైనావాళ్ళు 1963లో వరసగా వ్యాసాలు రాశారు. 'ఒక ____ రూపం' అన్నది అలాంటి నిందకు ముందే సిద్ధం చేసిపెట్టుకున్న జవాబు. 1964 జులైలో తెనాలిలో వేరుగా సమావేశమైన కమ్యూనిస్టులకి (తర్వాత సీపీఎం అయినవాళ్ళకి) కాంగ్రెస్ పట్ల వైఖరి ముఖ్యమే, కానీ ఈ వాక్యమూ ఆ తగాదాలో ఉంది.

ఒత్తక్షరం: క్రుశ్చేవ్ తర్వాత వచ్చిన బ్రెజ్నేవ్ కాలం మాట ఇంకా తమాషా. 'రజ్ర్యాద్క'ని మనం 'ఉద్రిక్తతల సడలింపు' అన్నాం. తాడు వదులు చేసినట్టు. కానీ ఆ మాటకి తుపాకీలోంచి తూటా తీయడమనే వాడుక ఉంది. తుపాకీ చేతిలోనే ఉంటుంది! 1976 ఫిబ్రవరిలో 25వ మహాసభలో బ్రెజ్నేవ్ చెప్పిందీ అదే. రజ్ర్యాద్క వర్గపోరాట నియమాలను రద్దు చేయదు, మార్చదు. సోవియట్ ఎస్ఎస్-20 అణు క్షిపణులు మోహరించడం మొదలైందీ ఆ ఏడే.

అచ్చుతప్పు: 'జీ' దగ్గరికి వస్తే కవి మయకోవ్‌స్కీని వదలలేం. 1926లో లాత్వియాలో రైల్లో చంపేసిన సోవియట్ దౌత్య కొరియర్ నెత్తె మీద రాసిన పద్యంలో, రష్యాలూ లాత్వియాలూ లేని లోకంలో మనుషులంతా ఒకే 'ఒబ్షెజీతియె'గా బతకాలంటాడు. మామూలు వాడుకలో ఆ మాటకి విద్యార్థుల హాస్టల్ అని అర్థం. 'సహనివాసం' అంటే చప్పగా ఉంటుంది, 'ఉమ్మడి బతుకు' కావాలి.

గోదారిగట్టు: 'ఉమ్మడి కాపురం' ఇంకా దగ్గర. 1989 జులైలో స్ట్రాస్‌బర్గ్‌లో చివరి సోవియట్ నేత గోర్బచేవ్ మాట్లాడిన 'ఉమ్మడి ఐరోపా ఇల్లు' కూడా ఆ వీధిలోదే.

అరసున్న: గోర్బచేవ్ వచ్చాక తాటాకు గారి వాక్యమే ఎగిరిపోయింది. 1986లో పార్టీ కార్యక్రమాన్ని సవరించినప్పుడు 'వర్గపోరాట రూపం' తీసేశారు. 1988 జులైలో విదేశాంగ మంత్రి షెవర్ద్‌నాద్జే తన శాఖ సభలో, సహజీవనానికి ఆ నిర్వచనం చెల్లదని పైకే అన్నాడు. ఆగస్టులో పార్టీ అగ్రనేతల్లో ఛాందసుడైన లిగచోవ్ గోర్కీ నగరంలో, అంతర్జాతీయ సంబంధాలది వర్గస్వభావమేనని ఎదురు చెప్పాడు. డిసెంబరు 7న ఐరాసలో గోర్బచేవ్ 5 లక్షల సైన్యం తగ్గిస్తామన్నాడు. ప్రతి దేశానికీ 'ఎంపిక స్వేచ్ఛ' ఉందనీ అన్నాడు. 'ఎంపిక' కన్నా 'ఎన్నిక' నయం.

ఒత్తక్షరం: 'ఎన్నిక' అంటే జనం పోలింగు బూతుకి వెళ్తారు. సరే, 'మీర్' అంటే రష్యన్‌లో శాంతీ, లోకమూ రెండూ కదా. 'మీర్నొయె' లోకసహజీవనం ఎందుకు కాకూడదు?

అచ్చుతప్పు: కాదు. లోకానికి విశేషణం 'మిరవోయె'. 1918 లిపి సంస్కరణకి ముందు ఆ రెండు 'మీర్'లకీ ఇకారమే వేరు. అక్కడ తగాదాకి చోటు లేదు.

ఒత్తక్షరం: ఇకారం ఒకటి చేసిన తర్వాత కదండీ క్రుశ్చేవ్ మాట్లాడింది?