ఫ్లోరోసిస్‌లో ఎముక దట్టంగా ఉన్నా ఎందుకు విరుగుతుంది?

ప్రశ్న: నల్లగొండ వైపు ఫ్లోరోసిస్ (తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) ఉన్నవాళ్ల ఎక్స్‌రేల్లో వెన్నుపూసలు తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. మరి నడుము వంగిపోవడం, ఎముకలు విరగడం ఎందుకండీ?

జవాబు 1: దట్టం వేరు, బలం వేరు. ఎముక బరువులో మూడింట రెండొంతుల దాకా ఖనిజం, మిగతాదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీన్. ఖనిజం బరువు మోస్తుంది, కొల్లాజెన్ దెబ్బను ఓర్చుకుంటుంది. ఒక కోడికాలి ఎముకను వెనిగర్‌లో నాలుగైదు రోజులు నానబెట్టండి, వెనిగర్ రోజూ మార్చాలి. ఖనిజం కరిగిపోయి రబ్బరులా వంగుతుంది. ఇంకో ఎముకను నిప్పుల్లో బాగా కాల్చండి. కొల్లాజెన్ పోయి, వేళ్లతో నలిపితే పొడైపోతుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే కొత్త ఎముక పేరుకుంటుంది గానీ అల్లిక సరిగా ఉండదు. అందుకే పెళుసు.

జవాబు 2: నడుము సంగతికొస్తే, వెన్నుపూసలను కలిపే లిగమెంట్లలో కూడా కాల్షియం చేరి బిగుసుకుపోతాయి. వెన్నుపాము ఉండే గొట్టం ఇరుకై కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించాలి.

జవాబు 3: నీళ్లు కాచి తాగితే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన ప్రమాణం లీటరుకు 1 మి.గ్రా., వేరే నీరు దొరకనిచోట 1.5. ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతిలో పటిక మోతాదు నీటిని పరీక్ష చేయించాకే తేల్చాలి. ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది.